పదహారేళ్ళలో రెండేళ్ళు

లోవర్ హట్ (వెల్లింగ్టన్),
21 ఆగస్టు 2007.

పింఛను నివాసకాల పునఃపరిశీలన అధికారి గారికి,

అయ్యా,

విషయం: శ్రీమతి వేదవతి గారు బిడ్డను పెంచు నిమిత్తం దేశము వెలుపల గడిపిన కాలములో రెండు సంవత్సరములు ఆమె నివాసకాలమునకు కలుపుట గురించి.

ఈ ఉదయం గుమ్మం దగ్గర మా పెద్దమ్మ బూట్లు తడిసి ఉన్నాయి. అడుగున గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. మా ఫ్లాటు ముందు గడ్డి లేదు, అంతా సిమెంటే. నేను లేచేసరికి ఆమె హీటరు దగ్గర నిలబడి వేళ్ళు కాచుకుంటోంది. ఎక్కడికి వెళ్ళి వచ్చావని నేను అడగలేదు. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. అది చూసి వచ్చి ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

అర్జీలో బూట్ల సంగతి రాయకూడదని నాకు తెలుసు. తొమ్మిదో తరగతి తెలుగు పరీక్షకు మాకు అర్జీ రాయడం నేర్పారు. పైన తేదీ, తర్వాత విషయం, తర్వాత వరసగా అంకెలు వేసి ఇబ్బందులు. వీధి దీపాలు వెలగడం లేదని మున్సిపల్ కమిషనరు గారికి రాస్తే నాకు ఐదుకు నాలుగు మార్కులు వచ్చాయి. అనవసరమైన సంగతులు చేర్చినందుకు ఒకటి తగ్గించారు. ఇప్పుడు ఆ నియమం పాటించడానికి ప్రయత్నిస్తాను.

తెలుగులో రాస్తున్నందుకు క్షమించగలరు. తమ కార్యాలయం పంపిన ఉత్తరం వెనక, ఎవరి భాషలో వారు రాసుకోవచ్చుననీ అనువాదం తమరే చేయించుకుంటారనీ ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు. నేను కాన్వెంటులో చదువుకున్నాను, ఇక్కడి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తున్నాను. అయితే ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పబోతే ఒక మాట దగ్గర తేడా వస్తోంది. ఆ మాట ఏదో మూడవ అంకెలో మనవి చేస్తాను.

1. పైన పేర్కొన్న వేదవతి గారు 1974లో భర్త రాజారావు గారితో ఈ దేశము వచ్చి, లోవర్ హట్‌లో పద్నాలుగు సంవత్సరములు నివసించి, ఈ దేశ పౌరసత్వము పొందియున్నారు. మా పెదనాన్న ఇక్కడి పరిశోధనశాలలో పనిచేసేవాడు. 1988లో పెద్దమ్మ చెల్లెలు, అంటే నన్ను కన్న తల్లి, ఏలూరులో జ్వరంతో చనిపోయింది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నన్ను చూసి మూడు నెలల్లో తిరిగి వస్తానని పెద్దమ్మ బయలుదేరింది.

నా తండ్రి నన్ను దత్తత ఇవ్వనన్నాడు. పెంచనని కూడా అన్నాడు. దత్తత కాగితం లేకుండా నన్ను ఈ దేశానికి తీసుకురావడానికి వీల్లేదు. అందుచేత పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. ఆమె తెచ్చిన పెట్టెలో నాకు సరిగ్గా సరిపోయే బట్టలున్నాయి. అన్నీ మగపిల్లల నిక్కర్లు, ఏలూరు ఎండకు ఎందుకూ పనికిరాని ఉన్ని స్వెటర్లు. డిసెంబరులో రెండు రోజులు చలి వేస్తే ఆ రెండు రోజులూ వేసేది. పెదనాన్న ఏటా క్రిస్మస్ సెలవుల్లో వచ్చి జనవరిలో వెళ్ళిపోయేవాడు. పెదనాన్నలంటే ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్ళని నేను చాలా కాలం అనుకున్నాను.

ఆయన 2003 చలికాలంలో ఇక్కడే పోయారు. మరుసటి ఏడు పెద్దమ్మ తిరిగి వచ్చింది. నేను చదువుకోవడానికి ఆమెతో వచ్చాను. పెదనాన్న ఇల్లు అమ్మి నా ఫీజులు కట్టింది. ఆమె దేశము వెలుపల ఉన్న కాలము మొత్తం పదహారు సంవత్సరములు.

2. ఈ సంవత్సరము మార్చిలో వేదవతి గారికి అరవై ఐదు నిండినవి. పింఛనుకు దరఖాస్తు చేసుకొనగా తిరస్కరించబడినది. ఇరవై ఏళ్ళు దాటాక ఈ దేశంలో పదేళ్ళు ఉండాలి, అవి ఉన్నాయి. అందులో ఐదేళ్ళు యాభై దాటాక ఉండాలి, మూడే ఉన్నాయి. ఇంకా రెండేళ్ళు ఇక్కడే ఉండి, అప్పుడు మళ్ళీ రమ్మన్నారు.

ఈ దేశంలో పింఛనుకు ఎవరూ నెలనెలా చందా కట్టనక్కరలేదు. ఇక్కడ ఉండటమే చందా. ఈ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో నచ్చింది. ఇల్లు ఊడ్చుకుంటూ, వండుకుంటూ ఇంట్లోనే ఉన్నవారికి కూడా ఇందులో చోటుంది కదా అనుకున్నాను. కాని ఆ ఇల్లు ఇక్కడే ఉండాలట.

పెద్దమ్మకు యాభై నిండిన ఏడాది నేను మూడో తరగతిలో ఉన్నాను. నాకు ఆటలమ్మ పోసింది. ఆమె వేపాకు పరిచి నన్ను పడుకోబెట్టి, గోక్కోకుండా నా రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తమ లెక్క ప్రకారం ఆ ఏడాది ఆమె ఎక్కడా లేదు.

3. దరఖాస్తు విచారణ రోజున తమ కార్యాలయములో జరిగిన పొరపాటు ఒకటి సరిదిద్దవలసియున్నది.

పెద్దమ్మకు ఇంగ్లీషు రాదేమోనని తమవారు ఫోనులో ఒక దుబాసీని ఏర్పాటు చేశారు. అతని పేరు మహేంద్ర. ఈ దేశంలోనే ఆల్బనీలో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాడట. ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా చేశారు.

“నమస్తే ఆంటీ. మీరు చెప్పేది నేను ఇంగ్లీష్‌లో ట్రాన్స్‌లేట్ చేస్తాను. ఓకేనా ఆంటీ?” అన్నాడు.

“నాకు ఇంగ్లీషు వచ్చు నాయనా. నువ్వు పుట్టకముందే ఈ ఊళ్ళో నేర్చుకున్నాను.”

“అయ్యో, తెలీదాంటీ. కానీ బుక్ చేసేశారు కదా. నేను చెప్తేనే వాళ్ళు రాసుకుంటారు.”

“సరే, చెప్పు అయితే. ఈ పిల్లను పెంచడానికి వెళ్ళాను. నేను దీని పెద్దమ్మని.”

అతను ఇంగ్లీషులో, ఈవిడ ఆ అమ్మాయికి ఆంటీ అని చెప్పాడు.

“ఆంటీ ఏమిటి? పెద్దమ్మనంటుంటే!”

“అదే ఆంటీ, ఆంటీ అనే చెప్పాను.”

“పాలకు వెళితే డెయిరీ కొట్లో కూర్చునే ఆవిడ కూడా నీకు ఆంటీయే కదురా. నేనూ ఆవిడా ఒకటేనా?”

“అయ్యయ్యో, అలా కాదాంటీ. మీరు సొంత ఆంటీ.”

ఇదంతా ఏమిటని తమ ఉద్యోగిని అడిగింది. మహేంద్ర ఏదో చెప్పాడు. ఆమె నవ్వి, తన పిల్లలు కూడా పక్కింటి ఆవిడను ఆంటీ అనే పిలుస్తారని చెప్పి, కంప్యూటరులో రాసుకుంది. నేను పెద్దమ్మ పక్క కుర్చీలోనే ఉన్నాను. అది తప్పు అని చెప్పడానికి నోరు తెరిచాను. వాక్యం మొత్తం సిద్ధంగా ఉంది, వ్యాకరణం కూడా సరిచూసుకున్నాను. మళ్ళీ నోరు మూసుకున్నాను. తర్వాత వచ్చిన ఉత్తరంలో, “పరిచయస్థుల బిడ్డను చూసుకొనుటకై స్వచ్ఛందముగా దేశము విడిచిన కాలము” అని ఉంది.

అయ్యా, మేము పరిచయస్థులము కాము. మా భాషలో తల్లికి అక్క అయిన మనిషి కూడా తల్లే. అందుకే ఆ మాటలో అమ్మ ఉంది. మా అమ్మ పోయాక నేను ఒకసారి ఆమెను ఉత్త అమ్మా అని పిలిచాను. ఆమె నా జడ అల్లుతూ ఆగిపోయి, “నన్ను పెద్దమ్మా అనే పిలువు తల్లీ” అంది. ఎందుకని అడిగాను. జడ పూర్తి చేసింది. అప్పటినుంచి అలాగే పిలుస్తున్నాను.

ఈ అర్జీని అనువదించే వారికి వేరుగా ఒక విన్నపం. మీరెవరో నాకు తెలియదు. పెద్దమ్మ అన్న మాట వచ్చిన ప్రతిచోటా దయచేసి దాన్ని అలాగే ఉంచండి. అధికారి గారు అర్థం అడిగితే అప్పుడు చెప్పండి. మహేంద్రగారే అయితే, మీ మీద నాకు కోపం లేదు. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే మీకు ఆ ఇబ్బంది వచ్చేది కాదు.

4. వేదవతి గారు సొంత తల్లి అయినను పై కాలము లెక్కకు రాదని తమవారు ఫోనులో తెలియజేసిరి. కనుక నేను నిబంధనలన్నీ తెప్పించుకుని చదివాను. నాకు బాగా వచ్చిన పని చదవడం ఒక్కటే. దేశం వెలుపల ఉన్నా లెక్కకు వచ్చే వాళ్ళు కొందరున్నారు. ఓడల మీద పనిచేసేవాళ్ళు, సైన్యంలో ఉన్నవాళ్ళు, ఇక్కడ దొరకని వైద్యం కోసం వెళ్ళినవాళ్ళు, మతసంస్థల తరఫున సేవకు వెళ్ళినవాళ్ళు. బిడ్డను పెంచడానికి వెళ్ళినవాళ్ళు అందులో లేరు. నేను రెండోసారి కూడా చూశాను.

మా కాన్వెంటు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ బెర్నడెట్ ఈ దేశస్థురాలు, టిమరూలో పుట్టింది. ముప్పై ఏళ్ళు ఏలూరులో ఉండి, ఇప్పుడు వెల్లింగ్టన్‌లో వృద్ధులైన సిస్టర్ల ఇంట్లో ఉంటోంది. ఆమె ముప్పై ఏళ్ళూ లెక్కకు వచ్చాయి. అది న్యాయమే. నాకు చదవడం ఆమే నేర్పింది. అయితే అది అదే ఊరు, అవే ఏళ్ళు. బడి గంట మోగినప్పటినుంచి మళ్ళీ మోగేవరకు నేను సిస్టరు పిల్లను. గేటు దాటాక పెద్దమ్మ పిల్లను. జ్వరాలు, పీడకలలు, సెలవులు, పుట్టినరోజులు, పెద్దమనిషినైనప్పటి భయం, అన్నీ గేటుకు ఇవతలే వచ్చాయి.

పోయిన నెల ఒక ఆదివారం రైల్లో సిస్టరు దగ్గరకు వెళ్ళాం. ఆమెకు ఇంకా ఏలూరు తెలుగు పోలేదు. సంగతి అంతా చెప్పాం.

“వేదవతమ్మా, నువ్వు మా క్రిస్మస్ నాటకానికి రెక్కలు కుట్టలేదూ? దేవదూతల రెక్కలు?” అంది.

“కుట్టాను సిస్టర్.”

“ఒక ఏడాదా?”

“ఐదారేళ్ళు కుట్టాను.”

“మరింకేం! అది మా సంస్థకు చేసిన సేవే కదా. నేను ఒక్క ముక్క రాసిస్తాను. ఆ రెక్కలు పట్టుకుని మనం గట్టెక్కుతాం.”

నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

“వద్దు సిస్టర్. ఇది దేవదూత వేషం వేసింది కాబట్టి కుట్టాను. దీనికొక్కదానికే మంచి రెక్కలుంటే బాగోదని తక్కిన పిల్లలకూ కుట్టాను. సేవకని వెళ్ళలేదు నేను. పిల్లను పెంచడానికి వెళ్ళాను.”

“ప్రభువు ఏమీ అనుకోడులే అమ్మా.”

“ఆయన అనుకోడు సిస్టర్. నేను అనుకుంటాను.”

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నా జీవితంలో ఆమె మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కరోజే. దిగే ముందు ఆమె నా చేయి తట్టి, “నిన్ను పెంచానని చెప్పుకోవడానికి నాకు రెక్కలు అడ్డం పెట్టుకోవాలా?” అంది. కాబట్టి ఈ అర్జీకి సిస్టరు గారి ఉత్తరము జతపరచబడలేదు. సేవ అనే మాట నేను ఎక్కడా వాడలేదు. ఆమె పిల్లను పెంచింది. ఆ మాటతోనే లెక్కలోకి తీసుకోవాలని అడుగుతున్నాను.

5. వేదవతి గారు వృద్ధుల ఆశ్రమములోని లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టు పని చేయుచుండిరి. వేళ్ళ కీళ్ళు వాచినందున జూన్‌లో ఆ పని మానుకొనిరి. ఇప్పుడు ఉదయం పూట పాల సీసా మూత కూడా తీయలేరు. నేను లైబ్రరీకి వెళ్ళే ముందు అన్ని సీసాల మూతలూ వదులు చేసి పెడతాను. ఆమె చూడనట్టు ఉంటుంది. నేను చేయనట్టు ఉంటాను.

ఇబ్బందుల్లో ఉన్నవారికి వేరే భత్యం ఉందనీ, దానికి దరఖాస్తు చేయవచ్చుననీ తమవారు చెప్పారు. ఆ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాను. అందులో ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్ళు ఏం చేస్తారు అన్న ప్రశ్నలు చూసి మడిచి ఇచ్చేసింది. “ఇది రాస్తే నిన్ను పిలిచి అడుగుతారు. నువ్వు చదువు మానేసి పూర్తి పనిలో చేరతానంటావు. నాకు తెలీదూ నీ సంగతి?” అంది. నిజానికి నేను అప్పటికే లైబ్రరీలో అడిగి ఉన్నాను.

ఆ తర్వాత వారం ఆమె టికెట్టు కొనుక్కుంది. వచ్చే నెల పన్నెండవ తేదీ. ఏలూరులో కాన్వెంటు వెనక వీధిలో ఒక గది అద్దెకు దొరికిందట. “ఇద్దరం ఉంటే ఒకరి చదువు ఆగిపోతుంది. అక్కడైతే నాకు ఖర్చేముంటుంది? నువ్వు డిగ్రీ చేతికొచ్చాక చూద్దాం” అంటోంది. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు. నాకు గట్టిగా అనడం రాదు. ఆమె, “అలాగేలే” అని సూట్‌కేసు తుడవడం మొదలుపెట్టింది.

అయ్యా, ఆమె ఇప్పుడు వెళితే ఏమవుతుందో తమరికి నాకంటే బాగా తెలుసు. లెక్క ఈ మూడేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే మళ్ళీ వచ్చి ఇక్కడ ఉండాలి. ఆ వయసులో, ఆ వేళ్ళతో, ఆమె మళ్ళీ రాదు. నా మూలంగా ఒకసారి ఈ దేశం విడిచింది. నా మూలంగానే రెండోసారి విడవబోతోంది. ఏలూరులో ఇప్పుడు ఆమెకంటూ ఎవరూ లేరు. అక్కడ ఆమెకున్నది నేనే, నేను ఇక్కడున్నాను.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) తమ రికార్డులో “పరిచయస్థుల బిడ్డ” అన్నది కొట్టివేసి, “చెల్లెలి బిడ్డ, తానే పెంచినది” అని రాయించవలెను.

(ఆ) వేదవతి గారు నన్ను పెంచిన పదహారు సంవత్సరములలో రెండింటిని మాత్రము నివాసకాలముగా పరిగణించవలెను. ఏ రెండు అన్నది తమ ఇష్టము. నాకు ఆటలమ్మ పోసిన ఏడాది తీసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

(ఇ) పై రెండును వీలుకానిచో, నేను ఈ దేశంలో ఉన్న మూడేళ్ళలో రెండేళ్ళు తీసి ఆమె లెక్కలో వేయవలెను. నాకు ఇరవై మూడు. నా వంతు వచ్చినప్పుడు రెండేళ్ళు ఆలస్యంగా తీసుకుంటాను. సంతకం చేసి ఇస్తాను. ఇలాంటి నిబంధన లేదని నాకు తెలుసు, అన్నీ చదివాను. అయినా అడుగుతున్నాను.

(ఈ) ఇదీ వీలుకానిచో, నిర్ణయము ఇంకను తీసుకొనలేదని, పన్నెండవ తేదీలోపల దేశము విడిచి వెళ్ళవద్దని ఆమె పేర తమ కార్యాలయము నుండి ఒక ఉత్తరము పంపవలెను. ప్రభుత్వ కాగితం వస్తే ఆమె ఆగుతుంది. నేను చెబితే ఆగదు.

అయ్యా, ఆమెను వెళ్ళనివ్వకండి.

పరీక్షలో రాసిన వీధి దీపాలు తర్వాత వెలిగాయో లేదో నాకు తెలియదు. ఆ అర్జీని కమిషనరు గారికి ఎవరూ పంపలేదు. దీన్ని నేనే నడిచి వచ్చి తమ కార్యాలయం పెట్టెలో వేస్తాను. తమరు దీనిని ఆసాంతము చిత్తగించి, సెప్టెంబరు పన్నెండులోగా ఒక్క మాట తెలియజేయవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
వేదవతి గారు పెంచిన
నిరుపమ

తా.క.: అర్జీ రాయడం అయ్యాక అడిగితే పెద్దమ్మ చెప్పింది, ఇది ఇందులో రాయవద్దని కూడా అంది. ఈ ఉదయం ఆమె వెళ్ళి వచ్చింది టైటా శ్మశానానికి. 1988లో నా కోసం ఏలూరు బయలుదేరడానికి రెండు నెలల ముందు, తన కొడుకు శ్రీవత్సను అక్కడ పూడ్చిపెట్టింది. వాడికి నాలుగేళ్ళు.